తెగదు, నలగదు, నిలవదు: కట్టుడు పళ్ల ఆకారం వెనకున్న లెక్క

కార్తీక మాసం ఆఖరి సోమవారం వచ్చిందంటే బెంగళూరు బసవనగుడిలో బుల్ టెంపుల్ రోడ్డంతా వేరుశనక్కాయల కుప్పలే. కడలెకాయ పరిషె అని అక్కడి పేరు. పచ్చికాయలు, ఉడకబెట్టినవి, వేయించినవి వేర్వేరు రాశులుగా పోసి అమ్ముతారు. కర్ణాటక రైతులతో పాటు ఆంధ్ర, తమిళనాడు వైపు నుంచి కూడా వస్తారు కాబట్టి ఆ రోడ్డు మీద తెలుగు బాగానే వినిపిస్తుంది. ఆ జనంలో పొట్లం కొన్న ఒక పెద్దావిడ కాయ ఒలిచి, పొట్టు ఊది, గింజల్ని మనవడి అరచేతిలో పోస్తుంది. తను మాత్రం ఒక్కటీ నోట్లో వేసుకోదు. మనవడి మీద ముద్దు సగం కారణమైతే మిగతా సగం ఆమె కట్టుడు పళ్లు.

నమిలే సామర్థ్యాన్ని కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడిన తిండి కూడా ఈ వేరుశనగ గింజే. 1950లో మాన్లీ, బ్రేలీ అనే ఇద్దరు ఒక పద్ధతిని స్థిరపరిచారు. మనిషికి తూచిన గింజలు ఇచ్చి, లెక్కపెట్టి ఇన్నిసార్లే నమలమంటారు. మింగనివ్వరు. ఉమ్మించిన పిండిని జల్లెడలో పోసి కడుగుతారు. ఎంత కిందికి దిగింది, ఎంత పైన మిగిలింది అన్నదే కొలత. పిండి జల్లించినట్టే. ఇలాంటి కొలతలతోనే 1964లో కపూర్, సోమన్ కట్టుడు పళ్లవారిని పరిశీలించారు. సొంత పళ్లున్నవారి సామర్థ్యంలో వీళ్లది ఆరో వంతు కూడా లేదని తేలింది. పైపళ్లు, కిందిపళ్లు మొత్తం పోయి రెండు సెట్లూ పెట్టుకున్నవారి సంగతి ఇది.

ఆరో వంతు అనగానే తప్పంతా పంటి మీదికే పోతుంది. పన్ను పదునుగా లేదు, ఇంకొంచెం మొనదేలి ఉంటే బాగా తెగేది అనిపిస్తుంది. అసలు విషయం అంత నేరుగా లేదు. పదును పెంచితే నమలడం సులువయ్యే నోళ్లు ఉన్నాయి, అదే పదును వల్ల పళ్ల సెట్టు కుదురుగా నిలవని నోళ్లూ ఉన్నాయి.

అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు పెద్దవాళ్లు తమ పళ్ల సెట్టు గురించి చెప్పే మాటల్లో ఈ తేడా స్పష్టంగా ఉంటుంది. "ఆకుకూర కాడ తెగడం లేదు" అంటారు. "పప్పు గింజ నలగడం లేదు" అంటారు. "తింటుంటే కింది సెట్టు నిలవడం లేదు, ఎత్తుకుంటోంది" అంటారు. ఈ మూడూ ఒకే ఫిర్యాదు కాదు. తెగకపోవడం పంటి మొనకు సంబంధించింది. నలగకపోవడం పై పన్ను, కింది పన్ను ఒకదానిలో ఒకటి ఎలా కూర్చుంటున్నాయన్న దానికి సంబంధించింది. నిలవకపోవడం చాలావరకు చిగురుకు, దాని మీద కూర్చుని పళ్లను మోసే ప్లేటుకు సంబంధించింది. కానీ బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకో కోడలో క్లినిక్‌కు తోడు వెళ్లి, ఇంగ్లీషులోనో కన్నడలోనో "నాన్నకు నమలడం ప్రాబ్లమ్" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. మూడు వేర్వేరు మాటలు ఒక్కటైపోతాయి. డాక్టరుకు కావలసిన ఆధారం అక్కడే జారిపోతుంది.

చిగురు మీద తేలే ప్లేటు

ముందుగా నిలవకపోవడం సంగతి. సొంత పన్ను ఎముకలో పాతుకుని ఉంటుంది. వేరుకూ ఎముకకూ మధ్య నరాలున్న సన్నటి పీచు పొర ఒకటి ఉండి, ఒత్తిడిని పంచుతుంది. ఒక దవడలోని పళ్లన్నిటి చుట్టూ ఉన్న ఆ పొరను పరిస్తే సుమారు 45 చదరపు సెంటీమీటర్లు వస్తుందని దంతవైద్య పాఠ్యపుస్తకాల లెక్క. పళ్లు పోయాక ప్లేటు ఆనడానికి మిగిలే చోటు పై దవడలో సుమారు 23, కింది దవడలో సుమారు 12 చదరపు సెంటీమీటర్లు. పైగా అది ఒత్తిడి మోయడానికి పుట్టిన పొర కాదు, మెత్తటి చిగురు. గట్టిగా కొరికితే నొప్పి పుడుతుంది, అందుకే మనిషి తనకు తెలియకుండానే బలం తగ్గించుకుంటాడు. సొంత దవడ పళ్లతో వేసే బలంలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే కట్టుడు పళ్లతో వేయగలుగుతారు.

ఇంకో నష్టం గురించి తక్కువ మంది మాట్లాడతారు. సొంత పన్ను వెంట్రుక కన్నా సన్నటి రేణువును కూడా పసిగడుతుంది. అన్నంలో ఇసుక రేణువు పంటికింద పడగానే దవడ ఆగిపోవడం అందరికీ తెలిసిందే. కట్టుడు పన్నుకు ఆ స్పర్శ లేదు. గింజ ఎక్కడుందో, ఎంత నలిగిందో నాలుక, బుగ్గ చెప్పాలి.

పై సెట్టుకు అంగిలి అంతా ఆసరా. ప్లేటుకూ అంగిలికీ మధ్య ఉమ్మి పలచటి పొరలా పట్టి, రెండు తడి గాజుపలకలు అతుక్కున్నట్టు పట్టుకుంటుంది. కింది సెట్టుకు ఆ అదృష్టం లేదు. అది గుర్రపు నాడా ఆకారంలో సన్నటి ఎముక గట్టు మీద కూర్చుంటుంది, మధ్యలో నాలుక కదులుతూ ఉంటుంది. ఆ గట్టు కూడా ఏళ్లు గడిచేకొద్దీ అరిగిపోతుంది. టాల్‌గ్రెన్ 1972లో ప్రకటించిన అధ్యయనం కట్టుడు పళ్లవారిని 25 ఏళ్ల దాకా వెంటాడి చూసింది. కింది దవడ ఎముక పై దవడ కన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ తగ్గిందని తేల్చింది. అందుకే పై సెట్టు గురించి ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువ, కింది సెట్టును తిట్టుకోనివాళ్లు అరుదు.

ఇప్పుడు ఒక్క వేయించిన గింజను కుడివైపు దవడ పళ్ల మధ్య పెట్టి చూద్దాం. పైనా కిందా పళ్లు దగ్గరవుతాయి. గింజ గట్టిది కాబట్టి అది పగిలేలోపు కుడివైపు ప్లేటు చిగురులోకి దిగుతుంది. చిగురు మెత్తన, కొద్దిగా నొక్కుకుంటుంది. త్రాసులో ఒక తట్ట దిగితే రెండోది లేచినట్టు ఎడమవైపు ప్లేటు లేస్తుంది. ఆ సందులో గాలి దూరి, ఉమ్మి పట్టు విడిపోతుంది. ఠప్పున గింజ పగిలి, ఒక పలుకు ప్లేటు కిందికి చేరుతుంది. తర్వాతి నములుకు ఆ పలుకు చిగురులో గుచ్చుకుంటుంది. అంతే, మిగతా గింజలు మనవడి చేతిలోకి. ఈ వరస మొత్తం క్షణాల్లో జరిగిపోతుంది. పంటి ఆకారం పాత్ర మొదలయ్యేది ఆ క్షణాల్లోనే.

మొన ఎంత ఎత్తు?

సొంత దవడ పన్ను పైభాగం చదునుగా ఉండదు. దాని మీద చిన్న చిన్న గుబ్బలు, వాటి మధ్య గుంటలు, గుంటల నుంచి పక్కకు పోయే కాలువలు ఉంటాయి. గుబ్బ మొన ఆహారంలోకి దిగుతుంది, ఎదుటి పంటి గుంటలో నలుపుతుంది, నలిగింది కాలువ వెంట నాలుక వైపు జారుతుంది. ఈ పనిని కట్టుడు పంటిలో దించాలని స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ గైసీ 20వ శతాబ్దం మొదట్లో పింగాణీ పళ్లు చెక్కాడు. 1914 నాటి ఆ పళ్ల గుబ్బల వాలు 33 డిగ్రీలు. ఈనాటికీ దంతవైద్యులు "33 డిగ్రీల పళ్లు" అంటే అర్థం అదే.

వాలు ఎక్కువైతే మొన బాగా దిగుతుంది. కానీ వాలు ఉన్న చోట బలం నేరుగా కిందికే పోదు, పక్కకు కూడా తోస్తుంది. రాపిడిని పక్కన పెట్టి మామూలు జామెట్రీ లెక్క వేస్తే, 33 డిగ్రీల వాలు మీద కిందికి 1 కిలో బరువు పడినప్పుడు పక్కకు తోసే బలం సుమారు 650 గ్రాములు. 20 డిగ్రీలకైతే సుమారు 360 గ్రాములు. చదును పంటికి దాదాపు సున్నా. గుబ్బకు రెండు పక్కలా వాలు ఉంటుంది కాబట్టి పళ్లు పూర్తిగా మూసుకుని గుంటలో సరిగ్గా కూర్చున్నప్పుడు ఈ తోపులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గింజ ఒక వాలు మీదే ఇరుక్కున్నప్పుడు కొట్టేసుకోవు. ఎత్తైన గట్టు ఉన్న దవడ ఆ పక్కతోపును ఆపుతుంది. అరిగి నేలమట్టమైన దవడ మీద అడ్డు లేక ప్లేటు జారుతుంది, కింద చిగురు ఒరుసుకుంటుంది.

దీనికి విరుగుడుగా విక్టర్ సియర్స్ 1922లో గుబ్బలు లేని పళ్లు తెచ్చాడు. ఆ తర్వాత ఈ చదును పళ్లు రకరకాలుగా వచ్చాయి. పక్కతోపు పోయింది. దవడలు సరిగ్గా ఎదురెదురుగా లేనివారికి, దవడ ఎప్పుడూ ఒకే చోట మూయలేనివారికి ఇవి పెద్ద వెసులుబాటు. కానీ చదును పన్ను కక్కు కొట్టని తిరగలి లాంటిది. తిరగలి రాళ్లు ఎంత బరువున్నా మీద గంట్లు లేకపోతే కందులు జారతాయే తప్ప పగలవు. వీధిలో "రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొడతాం" అని అరుచుకుంటూ తిరిగినవాళ్లకు ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చదును పళ్లు మెత్తటి అన్నాన్ని మెదుపుతాయి. తోటకూర కాడ, కొబ్బరి ముక్క, మాంసం పీచు వచ్చేసరికి నొక్కుతాయి గానీ తెంపవు. తెంపడానికి మనిషి ఎక్కువ బలం వేస్తాడు, ఆ బలం నేరుగా చిగురు మీద పడుతుంది. పక్కతోపు తప్పించుకుని నిలువు ఒత్తిడి పెంచుకున్నట్టయింది. చదును పన్ను చిగురుకు ఎప్పుడూ మేలే చేస్తుందన్న నమ్మకం ఈ కారణం వల్లనే పూర్తిగా నిలబడదు.

ఈ రెంటి మధ్య ఇంకో దారి ఉంది. తెలుగు ఇంట్లో పెరిగినవారికి రోలూ రోకలీ చూపిస్తే చాలు. పై పంటిలో అంగిలి వైపున్న గుబ్బను మాత్రం మొనదేలినట్టు ఉంచుతారు. అది రోకలి. కింది పంటిని లోతు లేని వెడల్పాటి గుంటగా చేస్తారు. అది రోలు. బుగ్గ వైపు గుబ్బలు ఒకదానికొకటి తగలకుండా కాస్త ఎడం ఉంచుతారు. మొన దిగడానికి రోకలి ఉంది, దవడ అటూ ఇటూ కదలడానికి రోటిలో చోటుంది, బలం కింది గట్టు నడిమికి పడుతుంది. ఈ ఏర్పాటును పేన్ 1941లో వివరించాడు. 1970లో పౌండ్ దానికి ఇప్పుడు వాడుకలో ఉన్న లింగ్వలైజ్డ్ అనే పేరు పెట్టాడు.

ఏది మేలు? సటన్, మెకార్డ్ 2007లో ప్రకటించిన పరీక్షలో అవే మనుషులకు మూడు రకాల సెట్లూ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి వాడించారు. పూర్తి గుబ్బలవి, రోలు రోకలి తరహావి, చదునువి. చదును పళ్లతో తినడం ఇబ్బందిగా ఉందన్నవాళ్లు మిగతా రెండింటికన్నా ఎక్కువ. జల్లెడ కొలతల్లో మాత్రం ఆకారాల మధ్య తేడా అంత పెద్దగా కనిపించని అధ్యయనాలు చాలా ఉన్నాయి. రెండూ కలిపి చూస్తే, తినేవాడి సుఖం పిండి మెత్తదనంలో మాత్రమే లేదు. ఎంత శ్రమ పడి ఆ పిండి చేశాడన్నది కూడా లెక్కే. గట్టు ఓ మాదిరిగా మిగిలి, మన తిండి తినే మనిషికి రోలు రోకలి తరహా మొదటి ఎంపిక కావాలని ఈ ఆధారాలన్నీ మొగ్గు చూపిస్తున్నాయి. గట్టు దృఢంగా ఉన్నవారికి పూర్తి గుబ్బలు పెట్టినా నష్టం లేదు. చదును పళ్లు తప్పనిసరైన నోళ్లకే పరిమితం కావాలి, అలవాటుగా అందరికీ పెట్టేయకూడదు.

ల్యాబులో ఏం జరుగుతుంది

అలవాటుగా పెట్టేయడానికి కారణం ఉంది. కట్టుడు పళ్లు విడివిడిగా రావు. ముందుపళ్లు ఆరు, దవడ పళ్లు ఎనిమిది చొప్పున మైనపు పట్టీకి అతికించి కార్డుల్లో వస్తాయి. కార్డు మీద రంగు నంబరు, ఆకారం నంబరు ఉంటాయి. క్లినిక్‌లో ఇంటిల్లిపాదీ చర్చించేది ముందుపళ్ల రంగు గురించే. ఎనిమిది దవడ పళ్ల కార్డు వైపు ఎవరూ చూడరు. రోజూ మూడు పూటలా తినేది మాత్రం వాటితోనే.

ఆ పళ్లను టెక్నీషియన్ మైనం గట్టు మీద ఒక్కొక్కటిగా వేడి కత్తితో అతికిస్తూ నిలబెడతాడు. ఈ పని జరిగేది పైదవడ, కిందిదవడ అచ్చుల్ని ఎదురెదురుగా బిగించే ఒక పరికరం మీద, దాని పేరు ఆర్టిక్యులేటర్. తలుపు బందులా పైకీ కిందికీ మాత్రమే తెరుచుకునే రకం చవక. దవడ పక్కకు జరగడాన్ని, ముందుకు రావడాన్ని కూడా చూపించే రకం ఖరీదు, దానికి కొలతలు తీయడానికి డాక్టరుకు అదనంగా సమయం పడుతుంది. మనిషి నమిలేటప్పుడు దవడ నిలువుగా కొట్టుకోదు. తెరిచి, ఓ పక్కకు జరిగి, వాలుగా మూసుకుంటుంది. పక్క కదలిక చూపించని పరికరం మీద ఎత్తు గుబ్బల పళ్లు అమరిస్తే, నోట్లో అవి జరిగిన ప్రతిసారీ ఒకదానికొకటి తన్నుకుంటాయి. హనావ్ 1926లోనే దవడ కీలు వాలు, ముందుపళ్ల వాలు, గుబ్బల వాలు, పళ్ల వరస వంపు, ఆ వరస ఉన్న తలం ఈ ఐదూ ఒకదానికొకటి కుదరాలని చెప్పాడు. గుబ్బల వాలు ఒక్కటే చూసి పన్ను ఎంచుకోవడం కుదరదు. అందుకే చవక పరికరం, చదును పళ్లు చాలాసార్లు కలిసే వస్తాయి. ధర తగ్గినప్పుడు ఏం తగ్గిందో ఇంటివాళ్లకు చెప్పాల్సిన బాధ్యత చేసేవారిదే.

ఆకారం అంటే గుబ్బ ఒక్కటే కాదు. కట్టుడు దవడ పళ్లను బుగ్గ నుంచి నాలుక వైపు కొలిస్తే సొంత పళ్ల కన్నా సన్నగా చేస్తారు. సన్నటి కత్తి అంచు తక్కువ బలంతో దిగినట్టే, సన్నటి పన్ను తక్కువ బలంతో నలుపుతుంది, నాలుకకు చోటు కూడా మిగులుతుంది. వెడల్పాటి పళ్లు పెడితే ఎక్కువ నమలొచ్చని కొందరు అడుగుతారు, అది నిజం కాదు. అలాగే కింది దవడ వెనకభాగంలో గట్టు పైకి వాలుగా ఎక్కే చోట పన్ను పెట్టకూడదు. పెడితే కొరికిన ప్రతిసారీ సెట్టు ముందుకు జారుతుంది. అలాంటి నోటికి డాక్టరు వెనక పన్ను ఒకటి తగ్గిస్తే అది మోసం కాదు, సరైన పనే.

ముందుపళ్ల గురించి క్లుప్తంగా. జామకాయను ముందుపళ్లతో కొరికితే పై సెట్టు ముందు భాగం మీద బలం పడి వెనక అంచు ఊడుతుంది. దీన్ని ఏ ఆకారమూ పూర్తిగా నయం చేయలేదు. కోసుకుని, ముక్కలు రెండు వైపులా సమంగా పెట్టుకుని నమలడమే దారి.

అరుగుదల మరో కథ. ఇప్పుడు ఎక్కువగా వాడే యాక్రిలిక్ పళ్లు పింగాణీ పళ్లలా టకటకమనవు, ప్లేటుకు గట్టిగా అతుక్కుంటాయి, కానీ త్వరగా అరుగుతాయి. 33 డిగ్రీలతో మొదలైన పన్ను కొన్నేళ్లకు తనంతట తనే చదునైపోతుంది. అదీ సమంగా కాదు, ఎక్కువ నమిలే వైపు ఎక్కువగా. అరిగేకొద్దీ గడ్డం ముక్కుకు దగ్గరవుతుంది, పెదవి మూలలు మడతపడతాయి. "పదేళ్ల నుంచి అదే సెట్టు, బాగానే ఉంది" అని గర్వంగా చెప్పేవారి పళ్లను పట్టుకుని వెలుతురులో చూస్తే రాయిలా నున్నగా ఉంటాయి. రోటికి కక్కు కొట్టించినట్టు దీనికి కక్కు కొట్టించడం కుదరదు. పళ్లు మార్చాలి లేదా సెట్టే మార్చాలి.

బెంగళూరు తిండి ఈ లోటును చాలాకాలం దాచిపెడుతుంది. రాగి సంగటి, అక్కడి మాటలో రాగి ముద్దె, నమిలే తిండి కాదు. పులుసులో ముంచి మింగడమే పద్ధతి. ఇడ్లీ, ఉప్మా, ఉగ్గాణి, పెరుగన్నం అన్నీ మెత్తనివే. కాబట్టి పెద్దవాళ్లు ఇబ్బంది లేకుండా తింటున్నట్టే కనిపిస్తారు. కంచం జాగ్రత్తగా చూస్తే ఏం తగ్గిందో తెలుస్తుంది. పచ్చి కూరగాయలు పోయాయి, పండ్లు అరటిపండు దగ్గర ఆగాయి, నాటుకోడి ముక్క పక్కకు జరిగింది, నిప్పట్లు టీలో నానాయి. పీచు, మాంసకృత్తులు మెల్లగా తగ్గిపోతున్నాయి. ఇది చూసుకోవలసిన నష్టం, వయసు మీద నెట్టేసి ఊరుకోవడానికి లేదు.

గట్టు బొత్తిగా లేని కింది దవడకు ఏ పంటి ఆకారమూ సరిపోదు. 2002లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కలిసిన నిపుణులు, కింది దవడలో రెండు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే మరలు, పెట్టి వాటికి సెట్టు తగిలించడమే మొదటి ఎంపిక కావాలని తేల్చారు. ఖర్చు అందరికీ అందేది కాదు. అందినవారికి మాత్రం ప్లేటు నిలవడంతో గుబ్బల పళ్లు కూడా మళ్లీ వాడుకలోకి వస్తాయి.

ఆకారం మార్చుకునే అవకాశం ఒక్కసారే ఉంటుంది. పళ్లు ఇంకా మైనంలో ఉండగా నోట్లో పెట్టి చూసే ట్రయల్ రోజున. ఆ రోజు అద్దంలో నవ్వు చూసుకోవడంతో పాటు అడగాల్సినవి ఉన్నాయి. దవడ పళ్లు ఎన్ని డిగ్రీలవి, పక్కకు జరిపితే రెండు వైపులా తగులుతున్నాయా, ఒక వైపే తగులుతోందా అని అడగాలి. బెంగళూరు విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో 1958 నుంచి ఉన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాల లాంటి చోటైనా, వీధి చివర క్లినిక్ అయినా, పాత సెట్టుతో పడిన ఇబ్బందిని తెలుగులో ఎలా అంటారో అలాగే, తెగడం లేదో నలగడం లేదో నిలవడం లేదో విడదీసి చెప్పి, తోడు వెళ్లినవారు దాన్నే తర్జుమా చేయాలి.

కొత్త సెట్టుతో నమలడం నాలుకకూ బుగ్గలకూ అలవాటు కావడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. దసరాకు పళ్లు పెట్టించుకున్నవారికి కార్తీకం ఆఖరి సోమవారం నాటికి 6 వారాలు నిండుతాయి. అప్పటికి పరిషెలో ఉడకబెట్టిన రాశి దగ్గర ఆగి, రెండు గింజలు కుడివైపు, రెండు గింజలు ఎడమవైపు సర్దుకుని నమలొచ్చు. వేయించినవాటికి ఇంకో రెండు వారాలు.